ఏకాదశి నాటి తలనొప్పి

ఏకాదశి వస్తే చాలు, మధ్యాహ్నానికల్లా మీ నాయనమ్మకి తలనొప్పి. నుదుటికి శొంఠి గంధం పట్టించుకుని "ఎండ దెబ్బే" అనేది. డిసెంబరులో ఏం ఎండ బుజ్జమ్మా! పస్తు వల్ల కూడా తల నొస్తుంది, నిజమే. కానీ శివరాత్రికి కాఫీ తాగుతూ పస్తున్న మనిషికి ఏమీ రాలేదు. ఏకాదశికి కాఫీ కూడా మానేసేది. అప్పుడు దొరికాడు దొంగ.

మెదడులో అడినోసిన్ అనే పదార్థం ఉంటుంది. అది తన సీట్లో కూర్చుంటే రక్తనాళాలు వెడల్పవుతాయి. కాఫీలోని కెఫీన్, బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టు, ఆ సీటు ముందే ఆపేస్తుంది. రోజూ ఇదే తంతయితే ఒళ్ళు ఊరుకుంటుందా? మరిన్ని సీట్లు వేస్తుంది. ఒకరోజు కాఫీ పడలేదనుకో, సీట్లన్నీ అడినోసిన్‌వే. నాళాలు ఉబ్బి తల దిమ్మెక్కుతుంది. ఆఖరి కాఫీ తాగిన 12 నుంచి 24 గంటల్లో ఇది మొదలవుతుంది. ముందురోజు సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీకి లెక్క సరిపోయిందా?

నువ్వేమో నీ తలనొప్పికి చాక్లెట్‌ని తిడతావు. పార్శ్వపు నొప్పి వచ్చే ముందు కొందరికి తీపి మీద మనసు పోతుందిట. అంటే నొప్పి అప్పటికే బయలుదేరింది, చాక్లెట్ దారిలో కనబడి ఇరుక్కుంది. నూడిల్స్‌లో అజినమోటో మీదా అంతే. 1908లో జపాన్‌లో ఇకెదా సముద్రపు నాచు నుంచి తీసిన రుచి అది. ఏది తింటున్నదీ చెప్పకుండా పెట్టి చూస్తే, తలనొప్పి నేరం దానిమీద గట్టిగా రుజువు కాలేదు. నిలవబెట్టిన చీజ్‌లో టైరమిన్, సాసేజిల్లో నైట్రైట్ మాత్రం కొందరికి పడవు. మన పనీర్ తాజాది, దాని జోలికి పోకు.

నీ పాత లెక్కల నోటుబుక్కు తీయి. నొప్పి ఎన్నింటికి వచ్చిందో రాయి; వెనక్కి ఒక రోజంతా ఏం తిన్నావో, ఏ పూట మానేశావో, ఎంత నిద్రపోయావో రాయి. అనుమానమున్నవన్నీ ఒకేసారి మానకు, ఎవరు దొంగో తేలదు. ఒక్కొక్కటే, కొన్ని వారాలు. ఉన్నట్టుండి పిడుగులా వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా పుస్తకం పక్కన పడేసి ఆసుపత్రికి పరుగే.

మీ నాయనమ్మ సంగతా? కాఫీ గింజ ధాన్యం కాదని పురోహితుడి చేత చెప్పించాను. ఇప్పుడు ఏకాదశికి రెండు గ్లాసులు తాగుతోంది.