లోపల తిరిగే చక్రం

1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ ‘లిబర్టీ బెల్’ అనే ఇనుప పెట్టె తయారు చేశాడు. అందులో మూడు చక్రాలు, ఒక్కో దాని మీద పది బొమ్మలు. నాణెం వేసి పిడి లాగితే చక్రాలు గిర్రున తిరిగి ఆగేవి. మూడింటి మీదా గంట బొమ్మ పడితే పెద్ద బహుమతి. పడగల వరసలు మొత్తం వెయ్యి. ఓపికున్నవాడు బొమ్మలు లెక్కపెట్టి పెట్టె ఎంత మింగుతుందో తేల్చుకోవచ్చు. యజమాని రేటు మార్చాలంటే చక్రాలో, ఇచ్చే బహుమతులో మార్చాల్సిందే.

1984లో ఇంగే టెల్నాస్ అనే ఆవిష్కర్తకు వచ్చిన అమెరికా పేటెంట్‌తో ఆ లెక్క కంటికి దూరమైంది. ఆ పద్ధతిలో చక్రం ఎక్కడ ఆగాలో యంత్రంలోని చిప్పు తీసే అంకె ముందే తేల్చేస్తుంది. పైన చక్రానికి 22 నిలుపులు కనపడతాయి, లోపలి లెక్కలో 64 ఉండొచ్చు. మూడు చక్రాల్లోనూ పెద్ద బహుమతి బొమ్మకు అందులో ఒక్కటే ఇస్తే, చూసేవాడికి 10,648లో ఒకటిగా తోచే అవకాశం నిజానికి 2,62,144లో ఒకటి.

ఇప్పుడా చిప్పు ఆటగాడి ఎదుట కూడా లేదు. తెలంగాణలోని బాన్సువాడ బస్టాండులో కుర్రాడు ఫోన్‌లో నొక్కే బటన్‌కు ఫలితం ఏదో దేశంలోని సర్వర్ నుంచి వస్తుంది. ఒకే ఆటను తయారీదారు 96 శాతం, 94, 90 అంటూ రకరకాల తిరుగు రేట్లతో (పెట్టిన డబ్బులో ఆటగాళ్లకు సగటున తిరిగొచ్చే వాటా) ఇస్తాడు, సైట్ నడిపేవాడు ఒకటి ఎంచుకుంటాడు. బొమ్మలూ సంగీతమూ అవే. పది రూపాయల చొప్పున గంటకు 600 సార్లు నొక్కితే 96 దగ్గర సగటున పోయేది 240 రూపాయలు, 90 దగ్గర 600. అదృష్టపు ఎగుడుదిగుళ్లలో ఈ తేడా తెలియదు. ఆడి కనిపెట్టాలంటే వేల ఆటలు చాలవు, లక్షలు కావాలి.

రేటు తక్కువైనంత మాత్రాన అన్యాయమని నేననను. 90 అని ముందే రాసిపెడితే అది ఖరీదైన ఆట, అంతే. చెప్పకుండా మార్చడమే మోసం. యాసంగి వడ్లు తూకం వేసేటప్పుడు ఇక్కడి రైతు ముందు కాంటా సున్నా చూపిస్తోందా లేదా చూస్తాడు. తరుగు ఎక్కువ తీస్తే కొనుగోలు సెంటర్ దగ్గరే నిలదీస్తాడు. కాంటా మీద తూనికల శాఖ ముద్ర ఉంటుంది. నెవాడాలో క్యాసినో యంత్రం కనీసం 75 శాతం తిరిగివ్వాలని నిబంధన, దాన్ని పరీక్షించే ప్రభుత్వ విభాగమూ ఉంది. ఫోన్‌లోని ఆటకు ఇక్కడ ఏ ముద్రా లేదు.

తెలంగాణ 2017లో, కేంద్రం 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. తనిఖీ చేయలేని దాన్ని ఆపడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే విదేశాల నుంచి నడిచే సైట్లు ఇంకా వల వేస్తూనే ఉన్నాయి. తెలంగాణ చట్టంలో ఆడినవాడూ శిక్షార్హుడే కాబట్టి, రేటు మార్చి దోచుకున్నారని చెప్పుకోవడానికి మోసపోయినవాడే జంకుతున్నాడు.