ఒక్కరోజులో హైదరాబాద్: మేళ్లచెరువు నుంచి పొద్దున పోయి రాత్రికి రావాలంటే

మన ఊరి పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్నతో ఈ ఎపిసోడ్ చేస్తున్నా. "అన్నా, ఎగ్జామ్ కోసమో, హాస్పిటల్ పని మీదనో సిటీకి పోతున్నం. ఎట్లైనా ఒకరోజు ఉంటది కదా, ఏం చూడొచ్చు?" అని. నెట్‌లో వెతికితే పాతిక ప్రదేశాల లిస్ట్ వస్తది. ఒక్కరోజులో పాతిక చూడాలంటే ఆటోలో కూర్చుని చూసుడే. అందుకే నా లెక్క వేరే. మెట్రోలో ఒక్క లైన్ పట్టుకోండి, దాని పక్కన ఉన్నవే చూడండి.

ముందు పోయే సంగతి. మేళ్లచెరువు నుంచి కోదాడ, అక్కడ విజయవాడ హైవే మీద హైదరాబాద్ బస్సు. తెల్లారక ముందే బయల్దేరితే తొమ్మిది గంటలకల్లా ఎల్బీ నగర్‌లో ఉంటారు. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్ ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తున్న మహాలక్ష్మి పథకం ఇది. తెలంగాణ అడ్రస్ ఉన్న ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం టికెట్ కొనాల్సిందే. మెట్రోలో కూడా అందరూ కొనాల్సిందే.

బస్సు నేరుగా ఎంజీబీఎస్‌కే పోయినా సరే, మీరు ఎల్బీ నగర్‌లోనే దిగండి. అక్కడి నుంచి ట్రాఫిక్‌లో బస్సు ఎంతసేపు పోతదో ఎవరూ చెప్పలేరు. మెట్రో రెడ్ లైన్ మొదలయ్యేదే ఎల్బీ నగర్‌లో. మియాపూర్ దాకా 27 స్టేషన్లు. సిటీలో మెట్రో 2017 నవంబర్‌లో వచ్చింది, ఎల్బీ నగర్ దాకా 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. మన హైవే జనాలకు అసలు ఉపయోగం అప్పుడే మొదలైంది.

మొదటి స్టాప్ ఎంజీబీఎస్. బయటికొచ్చి ఆటో తీసుకుంటే సాలార్ జంగ్ మ్యూజియం దగ్గరే. శుక్రవారం సెలవు, ఇది మర్చిపోకండి. 1951లో నెహ్రూ ప్రారంభించారు. ఇప్పుడున్న బిల్డింగ్‌లోకి 1968లో మారింది. లోపల గదులు చాలా ఉంటయ్, అన్నీ చూడాలని పెట్టుకోవద్దు. రెండు చాలు. ఒకటి 'ముసుగు రెబెక్కా' విగ్రహం. బెంజోనీ అనే ఇటలీ శిల్పి పాలరాతిలో చెక్కాడు, ముఖం మీద ఉన్నది రాయి కాదు, తడిసిన పల్చటి బట్ట అనిపిస్తది. రెండోది గడియారం. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడతది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు. అందుకే పన్నెండుకు నిలబడండి, పన్నెండు దెబ్బలు వింటరు. ఒంటిగంటకు పోతే ఒక్క దెబ్బతో అయిపోతది!

అక్కడి నుంచి చార్మినార్‌కు నడిచే పోవచ్చు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. పైకి మెట్లు ఇరుకు, పెద్దవాళ్లను బలవంతం చేయకండి. లాడ్ బజార్‌లో గాజులు అడిగిన రేటుకు కొనొద్దు. మన కోదాడ సంతలో బేరం ఆడినట్టే ఆడండి.

ఇక్కడ కొంచెం ఆగుదాం. మ్యూజియం దగ్గర మూసీ మీద బ్రిడ్జి ఉంది, దాన్ని నయాపూల్ అంటారు. మీద నిలబడి కిందికి చూడండి. నల్లటి నీళ్లు, వాసన. 1908 సెప్టెంబర్‌లో ఇదే నది వరదొచ్చి వేల మందిని మింగింది. ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఒకప్పుడు సిటీ తాగింది ఆ నీళ్లే. ఊరు పెరిగింది, చాలలేదు. 2004 నుంచి కృష్ణా నీళ్లు వస్తున్నయ్. నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి రిజర్వాయర్, అక్కడి నుంచి నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి చేసి, దాదాపు వంద కిలోమీటర్లు పైపుల్లో పంపుతారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జనం ఉన్న జిల్లా మీద నుంచే ఆ పైపులు పోయినయ్.

మరి సిటీ వాడిన నీళ్లు ఎటు పోతయ్? చాలావరకు ఈ మూసీలోకే. పొద్దున మీరు సూర్యాపేట దగ్గర బస్సులో దాటింది ఈ నదినే. వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. ఆ సంగమానికి దిగువన ఎవరున్నరు? మఠంపల్లి, చింతలపాలెం, మనం. సిటీ నీళ్లు తీసుకునేది మనకు ఎగువన, వదిలేది కూడా మనకు ఎగువనే. మూసీ బాగుచేస్తం అని వార్త వచ్చినప్పుడల్లా అది హైదరాబాద్ ముచ్చట అనుకుని స్క్రోల్ చేస్తం కదా. అది మన ముచ్చట కూడా.

సరే, మళ్లీ ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగండి. ఆటోలో లుంబినీ పార్క్, అక్కడ బోటు. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడు. ఎన్టీఆర్ తలపెట్టిన విగ్రహం, చెక్కించింది గణపతి స్థపతి. రాయి ఎక్కడిదో తెలుసా? భువనగిరి పక్కన రాయగిరిది, అంటే అప్పటి మన నల్లగొండ జిల్లాది. 1990 మార్చి 10న పడవ మీద తీసుకుపోతుంటే ఒరిగి నీళ్లలో పడిపోయింది, పనివాళ్లు చనిపోయారు. రెండేళ్లకు పైగా సాగర్ అడుగునే ఉండి, 1992 డిసెంబర్‌లో పైకొచ్చింది. సెల్ఫీ అందరూ తీసుకుంటరు, ఈ కథ చెప్పేవాళ్లు తక్కువ. బోటులో లైఫ్ జాకెట్ ఇస్తే వేసుకోండి, ఫొటో కోసం విప్పకండి.

హైటెక్ సిటీ? అమీర్‌పేట్‌లో బ్లూ లైన్‌కు మారితే రాయదుర్గం దాకా పోవచ్చు. అద్దాల బిల్డింగులు రైల్లోంచే కనిపిస్తయ్, లోపలికి ఐడీ కార్డు లేనిదే రానివ్వరు. అక్కడ ఉద్యోగం చేసినోడిగా చెప్తున్నా, లోపల చూసేదేం లేదు, ఏసీ చల్లగా ఉంటది అంతే. అమీర్‌పేట్‌లో దిగి కోర్సులు కనుక్కుందాం అనుకునేవాళ్లు కనుక్కోండి. కానీ "డబ్బు కట్టు, ఉద్యోగం గ్యారంటీ" అన్న మాట వినిపిస్తే ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి నడవండి.

గోల్కొండ కావాలని వదిలేశా. రెడ్ లైన్‌కు దూరం, పైగా కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినపడే వింత చూడాలంటే ఇద్దరు కింద, ఇద్దరు పైన ఉండాలి. పూట మొత్తం కావాలి. దానికి ఇంకోసారి పోండి.

ఎగ్జామ్ పన్నెండుకు అయిపోయేవాళ్లు మ్యూజియం మానేసి చార్మినార్, బుద్ధుడు పెట్టుకోండి. ఎవరైనా సరే, ఏడు గంటలకల్లా ఎల్బీ నగర్‌లో ఉండాలి. కోదాడ దాకా రాత్రి బస్సుకు ఇబ్బంది లేదు, ఇబ్బంది అంతా కోదాడ నుంచి ఊరికే. కాబట్టి సూర్యాపేట దాటంగనే ఇంటికి ఫోన్ కొట్టి, బండి వేసుకుని ఎవరినైనా రమ్మనండి. పవర్ బ్యాంక్ పెట్టుకోమనేది అందుకే.