మీకు తెలుసా? పైథాన్ పిలిస్తే షెల్ పలుకుతుంది!

మీ పైథాన్ ప్రోగ్రామ్ నడుస్తోంది. మధ్యలో ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో చూడాలి. టెర్మినల్ తెరవక్కర్లేదు! ఓఎస్.సిస్టమ్ అని రాయండి. బ్రాకెట్లలో, కోట్స్ మధ్య ఎల్‌ఎస్ పెట్టండి. అంతే, 1 లైను! లిస్టు మొత్తం స్క్రీన్ మీద! ఇంతకీ ఆ లైను లోపల ఏం జరుగుతుందో తెలుసా? చెవి ఇలా పెట్టండి! కమాండ్‌ను నడపడానికి పైథాన్ ఒక పిల్ల షెల్‌ను పుట్టిస్తుంది!

ఫంక్షన్‌ను ఒకసారి పిలిస్తే ఎన్నిసార్లు తిరిగొస్తుంది? ఒకసారే కదా! లైనక్స్‌లో కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ మాత్రం 2 సార్లు తిరిగొస్తుంది! తల్లి ప్రాసెస్ చేతికి పిల్ల నంబరు వస్తుంది. పిల్ల చేతికి సున్నా! అదే కోడ్, అదే లైను. అక్కడి నుంచి ఎవరి దారి వాళ్లదే!

ఓఎస్.సిస్టమ్‌లో సీడీ కొట్టి ఫోల్డర్ మార్చండి. తర్వాతి లైనులో ఎక్కడున్నారో అడగండి. ఎక్కడివాళ్లు అక్కడే! ఫోల్డర్ మారింది పిల్ల షెల్‌కి. ఆ పిల్ల పని అవగానే మాయం! అలా 100 సార్లు కొట్టినా మీరు అంగుళం కదలరు!

ఓఎస్.సిస్టమ్ పిలిచేది బ్యాష్ అనే షెల్‌నే అనుకుంటున్నారా? ఉబుంటులో కాదు! పిలుపు వెళ్లేది ఎస్‌హెచ్‌కి. ఆ పేరు వెనక కూర్చున్నది డ్యాష్! 2006 నుంచీ ఇదే తంతు! అందుకే టెర్మినల్‌లో చక్కగా నడిచిన కమాండ్ పైథాన్‌లో ఒక్కోసారి మొరాయిస్తుంది. ఇఫ్ పక్కన జంట స్క్వేర్ బ్రాకెట్లు పెట్టి చూడండి, గుట్టు బయటపడుతుంది!

పైథాన్‌లో ఒక లైను కావాలి. పెర్ల్‌లో అదీ అక్కర్లేదు! కమాండ్‌కు అటొకటి ఇటొకటి బ్యాక్‌టిక్ పెడితే చాలు, 2 గుర్తులు! రూబీలోనూ అంతే, పీహెచ్‌పీలోనూ అంతే. జూలియా భాషలో అవే గుర్తులు పెట్టండి. కమాండ్ నడవదు! తయారై కూర్చుంటుంది. రన్ అని మీరు చెప్పాకే కదులుతుంది!

లైనక్స్‌లో ఫైలు పేరులో పెట్టకూడని క్యారెక్టర్లు ఎన్నో చెప్పండి? 2 మాత్రమే! ఒకటి ముందుకు వాలిన స్లాష్, రెండోది కనబడని నల్. సెమీకోలన్‌కు ఏ అడ్డూ లేదు! ఇప్పుడు ఎవరో మీ ఫోల్డర్‌లో 'లెక్కలు; రీబూట్' అనే ఫైలు పెట్టారనుకోండి. రీబూట్ అన్నది ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంది. ఆ పేరును మీరు కమాండ్‌లో అలాగే అతికించి షెల్‌కు ఇచ్చారు. షెల్‌కు అది ఫైలు పేరు కాదు, రెండు కమాండ్లు! అనుమతి ఉంటే మెషీన్ రీబూట్!

దీనికి విరుగుడు ఉంది! 2015లో పైథాన్ 3.5తో దిగిన సబ్‌ప్రాసెస్.రన్ అది. కమాండ్‌ను ఒకే వాక్యంగా రాయకండి. ముక్కలు చేసి లిస్టుగా ఇవ్వండి. మధ్యలో షెల్ ఉండనే ఉండదు! పేరులో సెమీకోలన్ ఉన్నా, స్పేస్ ఉన్నా అది ఒకే ముక్క. ఎవరి ఆటలూ సాగవు!

బ్యాష్‌లో ఒక కన్నం 25 ఏళ్లు ఎవరికీ పట్టుబడలేదు! 1989లో పడింది, 2014లో బయటపడింది. పేరు షెల్‌షాక్! ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఫంక్షన్ రాసి, దాని చివర కాస్త కోడ్ తగిలిస్తే చాలు. బ్యాష్ మొదలవుతూనే దాన్ని నడిపేసేది! లోపల్లోపల బ్యాష్‌ను పిలుచుకునే వెబ్ సర్వర్లకు కంటిమీద కునుకు లేకుండా పోయింది!

ఒక కమాండ్ చెప్పింది ఇంకో కమాండ్ చెవిన వేసే పైపును వాడారుగా? ఆ నిలువు గీత వెనక ఉన్నది కెన్ థాంప్సన్! బెల్ ల్యాబ్స్‌లో 1973లో దాన్ని యూనిక్స్‌లోకి ఎక్కించాడు. అదీ ఒక్క రాత్రిలో! అడిగి అడిగి చేయించుకున్నది డగ్ మెకిల్‌రాయ్!

ఆ పైపులో ఎంత పడుతుందో తెలుసా? లైనక్స్‌లో మామూలుగా 65,536 బైట్లు! నిండిందా, రాస్తున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది. ఎవరైనా చదివితేనే మళ్లీ కదలిక. తల్లేమో 'పని పూర్తికానీ, అప్పుడు చదువుతా' అని వెయిట్‌లో కూర్చుంటుంది! ముందు నువ్వంటే ముందు నువ్వని పంతం పట్టిన మొగుడూపెళ్లాల్లా ఇద్దరూ బిగుసుకుపోతారు! ఎర్రర్ రాదు. ప్రోగ్రామ్ ముందుకు సాగదు. చిన్న ఫైలుతో పరీక్షిస్తే పాస్, పెద్ద ఫైలు రాగానే ఠక్కున స్తంభన! వెయిట్ తీసేసి కమ్యూనికేట్ పెట్టండి. అది చదువుతూనే ఎదురుచూస్తుంది!

పైపులోంచి వచ్చేవి అక్షరాలు కావు, బైట్లు! 'తెలుగు' అని పంపండి. మన కంటికి మూడే అక్షరాలు. పైథాన్ చేతికి వచ్చేవి 18 బైట్లు! గుణింతాలకు కూడా విడిగా లెక్క కడుతుంది మరి! టెక్స్ట్=ట్రూ అని ఒక్క మాట చేర్చండి, చక్కటి తెలుగు వచ్చి వాలుతుంది!

ఇంకో తమాషా! లైనక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. ఇంగ్లిష్‌వాళ్లకు 255 అక్షరాలు దొరుకుతాయి. తెలుగులో రాస్తే అక్షరం, గుణింతం, పొల్లు అన్నీ కలిపి 85 గుర్తులకే కోటా ఖతం! ఒక్క 'శ్రీ' రాస్తేనే నాలుగు పోయినట్టు!

కమాండ్ పని ముగించాక ఎగ్జిట్ కోడ్ అనే ఒక అంకె వదిలి వెళుతుంది. సున్నా వస్తే పాస్! 1 వచ్చినా ఫెయిలే, 200 వచ్చినా ఫెయిలే. అంటే గెలవడానికి ఒకే దారి, ఓడటానికి 255 దారులు!

షెల్ 127 అందా? కంగారు పడకండి! అసలు అలాంటి కమాండే లేదని అర్థం. ముందు స్పెల్లింగ్ చూసుకోండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు!

ఒక ప్రాసెస్‌ను కిల్ -9తో చంపండి. ఎలా పోయిందని బ్యాష్‌ను అడగండి. 137 అంటుంది! సబ్‌ప్రాసెస్‌ను అడగండి. మైనస్ 9 అంటుంది! చావు ఒకటే! బ్యాష్ సిగ్నల్ నంబరుకు 128 కలుపుతుంది. పైథాన్ ముందు మైనస్ గీస్తుంది!

కిల్ -9కి కూడా చావనిది ఒకటుంది. జాంబీ! పని ముగిసినా, తల్లి వచ్చి ఫలితం అడిగేదాకా పిల్ల పేరు లిస్టులోంచి పోదు. 9 కాదు, ఏ సిగ్నల్ పంపినా లాభం లేదు. చచ్చినదాన్ని మళ్లీ ఎలా చంపుతారు!

చివరిది, అసలైన కొసమెరుపు! ఎగ్జిట్ కోడ్‌కు ఉన్న చోటు 8 బిట్లే. లైనక్స్‌లో 256 ఇచ్చి బయటికొస్తే షెల్‌కు చేరేది సున్నా. అంటే పాస్! ఇక గ్రెప్‌కు వెతికిన మాట దొరక్కపోతే 1 ఇస్తుంది. దాన్నే ఓఎస్.సిస్టమ్ మీకు 256 అని చూపిస్తుంది! ఇప్పుడు ఆ రెండూ కలపండి. ఓఎస్.సిస్టమ్ ఇచ్చిన అంకెను అలాగే సిస్.ఎగ్జిట్‌కు అందించండి. ఫెయిలైన పని దర్జాగా పాసైపోతుంది! మీ స్క్రిప్టుల్లో అలాంటి లైను ఎక్కడైనా ఉందేమో ఈ రాత్రే వెతకండి! గ్రెప్‌తోనే వెతకండి!