నగర బస్సులో శ్రీరంగ ద్వీప సందర్శనం: ఒక పగటి ప్రణాళిక

తిరుచిరాపల్లికి పశ్చిమాన ముక్కొంబు వద్ద కావేరి రెండు పాయలుగా చీలుతుంది. దక్షిణపు పాయ కావేరి పేరుతోనే సాగుతుంది. ఉత్తరపు పాయకు కొళ్ళిడం అని పేరు. ఈ రెంటి నడుమ తూర్పున కల్లణై దాకా సుమారు 30 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన నేలయే శ్రీరంగ ద్వీపం. నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు స్వగ్రామం నుండి వచ్చిన పెద్దలకు రంగనాథ దర్శనం చేయించి, అటునుంచి అటే మరలి రావడం పరిపాటి. వేళలను గమనించి క్రమం ఏర్పరచుకుంటే, రెండు మహాలయాలను, ఒక ప్రాచీన ఆనకట్టను ఒకే పగటిలో నగర బస్సులలో చూడవచ్చు.

బస్సు ఎక్కే ముందు

సెంట్రల్ బస్టాండు నుండి 1వ నంబరు బస్సు చత్రం బస్టాండు, కావేరి వంతెన, తిరువానైకావల్ మీదుగా శ్రీరంగం చేరుతుంది. తమిళ లిపి చదవలేనివారికి నంబరే గుర్తు. సందేహమైతే “శ్రీరంగం పోగుమా?” అని కండక్టరును అడిగితే చాలు. తిరువానైకావల్‌ను స్థానికులు తిరువానైకోయిల్ అని కూడా వ్యవహరిస్తారు. ఆ పేరు వినబడినప్పుడు తికమకపడనక్కరలేదు.

2021 మే నుండి తమిళనాడు ప్రభుత్వ సాధారణ నగర బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం. కండక్టరు ఇచ్చే ఉచిత టికెట్టును దిగే వరకు భద్రపరచుకోవాలి. అయితే ఈ నగరంలో ప్రైవేటు బస్సులు కూడా నడుస్తాయి. వాటిలో అందరూ రుసుము చెల్లించవలసినదే. కనుక ఎక్కే ముందే ఏ బస్సో తెలుసుకోవడం మేలు.

ఉదయం: శ్రీరంగం

శ్రీరంగనాథాలయం ఏడు ప్రాకారాల క్షేత్రం. వెలుపలి ప్రాకారాలలో ఇళ్ళు, అంగళ్ళు ఉన్నాయి. అందువలన మొదటి గోపురం దాటగానే సన్నిధి వస్తుందనుకోరాదు. లోపల నడక ఎక్కువ. వృద్ధులు ఎండ ముదరకముందే చేరుకోవడం శ్రేయస్కరం. గర్భాలయ దర్శనం పూజల నిమిత్తం నడుమ నిలిచిపోతుంది గనుక ఆనాటి వేళలను ద్వారం వద్దనే విచారించాలి.

తెలుగువారికి ఈ స్థలం పరాయిది కాదు. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లో గోదాదేవి వరించిన స్వామి ఈ రంగనాథుడే. విజయనగర కాలంలో అసంపూర్తిగా ఆగిన దక్షిణ రాజగోపురాన్ని అహోబిల మఠం 44వ పీఠాధిపతి పూనికతో 13 అంతస్తులుగా, 236 అడుగుల ఎత్తున 1987లో పూర్తి చేశారు.

మధ్యాహ్నం: తిరువానైకావల్

శ్రీరంగం నుండి తూర్పుగా సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో జంబుకేశ్వరాలయం ఉన్నది. పంచభూత క్షేత్రాలలో శ్రీకాళహస్తి వాయులింగమైతే, ఇది జలలింగం. జంబువు అనగా నేరేడు. అది ఇక్కడి స్థలవృక్షం. మధ్యాహ్న పూజలో అర్చకుడు చీర ధరించి అఖిలాండేశ్వరీ అమ్మవారి ప్రతినిధిగా స్వామిని అర్చించడం ఇక్కడి విశేషం. ఆ పిమ్మట ఆలయం కొంతసేపు మూసివేయబడుతుంది. అందుచేత శ్రీరంగం ముందు, ఇది తరువాత అన్న క్రమం పాటించాలి. అది తారుమారైతే మూసిన తలుపుల ఎదుట నిరీక్షణ తప్పదు.

అపరాహ్ణం: ఒక కొస మాత్రమే

ద్వీపపు రెండు కొసలలోనూ చూడదగిన ఆనకట్టలున్నాయి. తూర్పున కల్లణై కరికాల చోళుడు కట్టించినదని ప్రసిద్ధి. పశ్చిమాన ముక్కొంబు వద్ద 1836లో సర్ ఆర్థర్ కాటన్ ఎగువ ఆనకట్టను నిర్మింపజేశాడు. కొళ్ళిడం గర్భం పల్లంగా ఉన్నందున నీరంతా అటే పోయి కావేరి డెల్టా ఎండిపోతుండగా, దానిని నివారించుటకు కట్టినది ఇది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టినదీ ఆ కాటనే. గోదావరి జిల్లాల నుండి వచ్చినవారికి ఇది ఆసక్తికరం.

రెండు కొసలకూ చత్రం బస్టాండు నుండి బస్సులున్నాయి. కాని అవి పరస్పరం విరుద్ధ దిశలు. ఒకే సాయంత్రం రెంటినీ చూడబూనితే దారిలోనే పొద్దుగుంకుతుంది. తిరువానైకావల్ తరువాత తూర్పు దిశలోనే ఉన్న కల్లణైకి వెళ్ళి, ముక్కొంబును మరొక సెలవు దినానికి ఉంచుకోవడం యుక్తం. కల్లణై చేరగానే తిరుగు బస్సు వేళను, ముఖ్యంగా చివరి బస్సు వేళను అడిగి తెలుసుకోవాలి.

నీటి విషయమై జాగ్రత్త

వేసవిలో కావేరి ఇసుక మేటగా కనబడుతుంది. సాధారణంగా జూన్ 12న మేట్టూరు జలాశయం నుండి సాగునీరు విడుదలవుతుంది. వరద కాలంలో ప్రవాహం త్వరగా పెరుగుతుంది. అమ్మా మండపం రేవులోనైనా, ఆనకట్టల వద్దనైనా, పిల్లలను నీటిలోకి ఒంటరిగా విడువరాదు. హెచ్చరిక బోర్డు తమిళంలో ఉన్నదని దానిని దాటిపోక, పక్కవారిని అడిగి అర్థం తెలుసుకోవాలి. ఆడి పద్దెనిమిదవ నాడు రేవులోను, వైకుంఠ ఏకాదశికి ఆలయంలోను జనసమ్మర్దం అధికం. చిన్నపిల్లలతో, వృద్ధులతో తొలిసారి వచ్చేవారు ఆ రోజులను విడిచి సాధారణ దినాలను ఎంచుకోవడం ఉత్తమం.