చెల్లని రూపాయికి చేకూరిన విలువ

మంజీరా నదికి అడ్డముగా నిజాంసాగరమును నిర్మించిన 1923–1931 సంవత్సరముల నడుమ, బాన్సువాడ ప్రాంతమున కూలి మొదలు శిస్తు వరకు సమస్త వ్యవహారమును నడపిన రూపాయి నేడు ఏ అంగడిలోను చెల్లదు. చార్మినారు ముద్ర గల ఆ హైదరాబాదు సంస్థానపు వెండి నాణెమును జనులు హాలీ సిక్కా యనియు, ఆంగ్ల ప్రభుత్వపు రూపాయిని కల్దారనియు వ్యవహరించుచుండిరి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు మారకము. 1950లో భారత రూపాయి దాని సరసన ప్రవేశించినది; 1951లో హైదరాబాదు రూపాయి జారీ నిలిచినది; 1959లో చట్టరీత్యా దాని చెల్లుబాటే తీరిపోయినది. అయినను, కొనుగోలు శక్తిని కోల్పోయిన ఆ రూపాయినే నేడు అనేక రూపాయలిచ్చి కొనువారు కలరు.

ఈ వింతకు మూలము వెండి యొక్కటియే కాదు. రమారమి పదకొండు గ్రాముల తూకము గల ఆ నాణెములన్నిటిలోను వెండి సమానమే. విలువలు మాత్రము సమానములు కావు. నిజాం మహబూబ్ అలీ ఖాను కాలపు రూపాయిపై చార్మినారు ద్వారమున ‘మీమ్’ అను ఉర్దూ అక్షరము గానవచ్చును; 1911లో సింహాసనమెక్కిన ఉస్మాన్ అలీ ఖాను కాలమున ఆ స్థానమును ‘ఐన్’ ఆక్రమించినది. ఆయన పాలన తొలి దినముల నాణెములపై ఆ ‘ఐన్’ అసంపూర్ణముగా ఉండి, పిదప పూర్ణరూపము దాల్చినది. హిజ్రీ సంవత్సరమును, అక్షరరూపమును గుర్తింపజాలని వానికి అన్నియు నొక్కటే. గుర్తెరిగినవానికి ప్రతి నాణెమును ఒక చరిత్రపత్రము.

కాగితపు నోట్ల కథ మరింత రమ్యమైనది. మొదటి ప్రపంచ యుద్ధమున వెండికి కరవు ఏర్పడగా, నిజాం ప్రభుత్వము 1918లో కరెన్సీ చట్టమును గావించి నూరు, పది రూపాయల నోట్లను, మరుసటి యేడు ఐదు, ఒకటి రూపాయల నోట్లను, 1926లో వేయి రూపాయల నోటును వెలువరించెను. ఉర్దూ సరసన తెలుగు, మరాఠీ, కన్నడ లిపులు వానిపై నిలిచినవి. ఇంగ్లండునుండి వచ్చుచున్న అట్టి నోట్ల మూటలతోను, విస్తారమైన బంగారు వెండి కడ్డీలతోను బొంబాయికి బయలుదేరిన ‘ఈజిప్టు’ అను ఓడ, 1922 మే 20వ తేదీన ఫ్రాన్సు తీరసమీపమున పొగమంచులో మరియొక నౌక ఢీకొనగా మునిగిపోయినది. దాదాపు పదేండ్ల తరువాత ఇటలీ దేశపు గజ ఈతగాండ్రు ఆ లోతునుండి బంగారముతోపాటు నోట్లను సైతము పైకి తీసిరి. ఉప్పునీట నానిన ఆ కాగితములను నేడు సేకర్తలు ప్రత్యేకముగా వెదకి కొనుచున్నారు.

సముద్రమునుండి పైకి వచ్చి హైదరాబాదు నోటు విలువ గడించగా, సముద్రమున మునిగి విలువ పెంచిన కాగితము అమెరికాలో కలదు. టాప్స్ అను కంపెనీ 1952లో చూయింగు గమ్ముతో కలిపి అమ్మిన బేస్‌బాల్ క్రీడాకారుల బొమ్మల కార్డులు మిగిలిపోగా, గిడ్డంగి ఖాళీ చేయుటకై 1960లో వానిని పడవకెత్తి సముద్రమున పారవేయించితినని ఆ సంస్థ ఉద్యోగి సై బెర్గరే చెప్పియున్నాడు. ఆ వరుసలోని మికీ మాంటిల్ కార్డొకటి 2022లో వేలమున కోటి ఇరువదియారు లక్షల డాలర్లు పలికినది. అంతకు చాల ముందే, పాత కార్డుల ధరలు పెరుగుట చూచి మురిసిన జనులు 1980ల చివర కొత్త కార్డులను పెట్టెలకొలది కొని దాచిరి. కంపెనీలు మితిమీరి ముద్రించినవి. అందరును దాచినందున అరుదనము నశించి, నేటికిని వానిలో అధికభాగమునకు ధర లేదు. ఒక తరము అశ్రద్ధచే పోగొట్టుకొనినదానిని మరియొక తరము ఆశతో వెదకినప్పుడే విలువ పుట్టును. లాభాపేక్షతో అందరును భద్రపరచినది పుట్టుకతోనే చౌక.

కావున పాత పెట్టెలో హాలీ రూపాయి దొరికినవారు దానిని చింతపండుతో తోమి మెరిపింపరాదు. కాలము పూసిన నలుపును చెరపినచో ధర తగ్గును. పొలము దున్నగా బయల్పడిన నిధిని, దాని విలువ పది రూపాయలు మించినచో, 1878 నాటి చట్టము ననుసరించి కలెక్టరుకు తెలుపవలెను. నూరేండ్లు నిండిన నాణెములు 1972 చట్టము క్రింద పురావస్తువులగుటచే వ్యక్తులు వానిని విదేశములకు పంపుట నిషిద్ధము. పాత నాణెమునకు లక్షలిత్తుమని, ముందుగా రుసుము చెల్లింపుమని వచ్చు సందేశములు మోసములే. తన పేర రుసుములు వసూలు చేయు వంచకులను గూర్చి రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించినది.

తక్షణ లాభముకొరకు ఈ సేకరణ విద్యకు దిగువాడు తరచుగా నిరాశ పాలగును. విపణి ఇచ్ఛను ముందుగా ఎరుగువారు లేరు. లిపిని, సంవత్సరమును, ముద్రను నేర్చి సేకరించువానికి మాత్రము ధర పడిపోయినను చేతిలో చరిత్ర మిగులును. వెండి వెల ఏ కంసాలియైనను తూచి చెప్పగలడు. తక్కిన విలువ చదువనేర్చినవానికే దక్కును.