నీడకు కాపరి ఎవరు?

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన తుపానుకు ‘హుద్‌హుద్’ అని పేరు పెట్టినది ఒమాన్ దేశం. దివ్య ఖుర్ఆన్‌లోని నమల్ సూరా చదివిన వారికి ఆ పేరు కొత్త కాదు. సులైమాన్ ప్రవక్త (అలైహి)కు సబా దేశపు వార్తను మోసుకువచ్చిన పక్షి అది. ఈ హుద్‌హుద్ కూడా మనకొక వార్త చెప్పి వెళ్ళింది. గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలికి నగరవీధుల చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. పచ్చని కైలాసగిరి, కంబాలకొండ ఒక్క పూటలో ఎండుగడ్డి రంగుకు మారాయి. తుపాను అక్కడితో ఆగక కనుమలు ఎక్కి, అనంతగిరి, అరకు కాఫీతోటల మీద పడింది.

నగరం చెట్లు పోగొట్టుకుంటే ఎండ పెరుగుతుంది. కొండ మీద చెట్టు కూలితే జీవనాధారమే పోతుంది. అరకులో పండే అరబికా రకం కాఫీమొక్క నేరుగా ఎండను ఓర్వలేదు. పెద్ద చెట్ల నీడలోనే కాస్తుంది. ఆ నీడ కోసం తోటల్లో విస్తారంగా పెంచినది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్. నిటారుగా, త్వరగా ఎదుగుతుంది. దాని మాను మీదికి మిరియపు తీగను పాకిస్తే రెండో ఆదాయం. ఇన్ని సుగుణాలున్న చెట్టే ఆనాడు పెళపెళ విరిగి కింది కాఫీమొక్కలను నలిపివేసింది. నలగకుండా మిగిలిన మొక్కలు నీడ లేక వాడిపోయాయి. కాఫీ మళ్ళీ కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది. నీడచెట్టు ఎదగడానికి అంతకన్నా ఎక్కువ కాలమే కావాలి. గిరిజన కుటుంబానికి అన్నేళ్ళు ఎవరు తిండి పెడతారు? ఒకే జాతి చెట్టు మీద కొండంత భారం మోపడం మంచిది కాదని తుపాను తేల్చింది. పనస, మామిడి, నేరేడు వంటి చెట్లను కలిపి పెంచిన తోటలో పండ్లూ దక్కుతాయి, పక్షులూ నిలుస్తాయి.

కాఫీ మన సమాజానికి పరాయిది కాదు. యమన్ సూఫీలు రాత్రి ఆరాధనల్లో నిద్రను ఆపుకోవడానికి తాగిన ‘ఖహ్వా’యే అది. 17వ శతాబ్దంలో బాబా బూదన్ హజ్ నుంచి తిరిగివస్తూ ఏడు గింజలను చిక్కమగళూరు కొండలకు తెచ్చారని సంప్రదాయం చెబుతుంది. తూర్పు కనుమలకు కాఫీ ఆ తరువాత చాలాకాలానికి చేరింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. మాకు ముఖ్యంగా తోచేది వేరొకటి. చెట్టు నరికి పోడు కొట్టి బ్రతికిన చోట, చెట్టును నిలిపితేనే కాసులిచ్చే పంట వచ్చింది. అడవిని కాపాడమని అక్కడ ఎవరూ ఉపన్యసించనక్కరలేదు. పోడు ఒక్కదానినే నిందించడమూ న్యాయం కాదు. ఈ కొండల కింది ఖనిజాల మీద కన్నేసిన వారూ ఉన్నారు. అనంతగిరి ప్రాంతపు గిరిజనుల పక్షాన ‘సమత’ సంస్థ సాగించిన వ్యాజ్యంలో, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూములను ప్రైవేటు గని కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇదే కనుమల వరుస కిందికి దిగివచ్చి విశాఖ శివార్లలో కంబాలకొండగా నిలిచింది. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ అడవిని 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒకవైపు జాతీయ రహదారి, మధురవాడ అపార్టుమెంట్లు. మరోవైపు చిరుతపులులు తిరిగే చిట్టడవి. నగరానికి ఏనాటి నుంచో నీరిచ్చిన ముడసర్లోవ జలాశయం ఈ కొండల పాదాల చెంతనే ఉంది. కొండ మీది చెట్టు వాననీటిని పట్టి నిదానంగా వదులుతుంది. చెట్టు పోతే ఆ నీరు మట్టిని కూడా తీసుకుని ఒక్కసారిగా దిగివస్తుంది. కొండవాలున లేచే ప్రతి కొత్త లేఅవుటూ ఈ అడవి అంచును కొంత కొరుకుతుంది.

మొక్క నాటడం పుణ్యమన్న హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. పట్టణం చుట్టూ పచ్చదనాన్ని కాపాడే ఏర్పాటు సంగతి మాత్రం మన ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. రెండు నల్లరాతి నేలల మధ్యనున్న మదీనా పరిసరాలను దైవప్రవక్త (స) పవిత్ర ప్రదేశంగా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్ని, వేటాడడాన్ని నిషేధించారు. పచ్చికబయళ్ళను రక్షితభూమిగా ఉంచే ‘హిమా’ పద్ధతిని ఖలీఫా ఉమర్ (రజి) కూడా కొనసాగించారు. అలాంటి హిమాకు కాపరిగా నియమించిన హునై అనే వ్యక్తికి ఆయన చేసిన హితవు బుఖారీ గ్రంథంలో నమోదైంది. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదవానిని లోనికి రానివ్వమనీ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ (రజి) వంటి సంపన్నుల మందలను ఆపమనీ దాని సారాంశం. మందలు పోయినా వారికి ఖర్జూరతోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చస్తే అతడు పిల్లలతో వచ్చి ఖలీఫా గుమ్మం ముందే నిలబడతాడు.

మన అడవుల వద్ద వరుస తరచు తిరగబడుతుంది. కట్టెలమోపు తెచ్చుకునే స్త్రీని ఆపినంత తేలికగా, కొండను చదును చేసే యంత్రాన్ని ఎవరూ ఆపరు. అందుకే కంబాలకొండలోని శంభువానిపాలెం మాకు ఆసక్తి కలిగించింది. అక్కడి వన సంరక్షణ సమితికి పర్యావరణ పర్యాటక కేంద్రం నిర్వహణలో పాలు ఉంది. 1992 నుంచి రాష్ట్రంలో ఏర్పడిన ఇలాంటి సమితులన్నీ చక్కగా నడిచాయని అనలేము. చాలాచోట్ల పేరుకే మిగిలాయి. అడవి నిలిస్తే తన చేతికి ఎంతో కొంత అందుతుందని గ్రామస్థునికి నమ్మకం కుదిరిన చోటనే అవి బ్రతికాయి.

శివారు కాలనీల్లో నివసించే మన కుటుంబాల చేతిలోనూ కొంత నేల ఉంది. ఈద్గాహ్ మైదానపు అంచులు, ఖబ్రస్తాన్ ప్రహరీ వెంట స్థలం చాలాచోట్ల ఖాళీగా పడి ఉంటాయి. త్వరగా ఎదుగుతుందని ఏదో ఒక్క రకమే తెచ్చి నింపక వేప, కానుగ, నేరేడు, మర్రి కలిపి నాటవచ్చు. నాటిన రోజు ఫోటోలకు వచ్చేవారు ఎందరో ఉంటారు. మొక్కకు నిజంగా మనిషి కావలసింది మొదటి రెండు వేసవుల్లో. మస్జిదులో రోజూ ఐదు పూటలా వుజూ చేసిన నీరు మురుగుకాలువలోకే పోతోంది. ఒక గొట్టం వేసి, ఆ నీటిని మొక్కల పాదులకు మళ్ళించే పనిని ఇద్దరు యువకులకు అప్పగించడానికి కమిటీకి ఒక్క సమావేశం చాలు.