మిరప చేలకు ఆకాశపు కావలి

మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములలో మిరప ముఖ్యమైన వాణిజ్యపు పంట. దీనికి పెట్టుబడి హెచ్చు. ఆ పెట్టుబడిలో అప్పు పాలును హెచ్చే. 2021వ సంవత్సరాంతమున నల్ల తామరపురుగు ఈ చేలపై బడి, పూతను రాల్చి, ఎందరో రైతులను నష్టములపాలు చేసెను. పైరునకు కలుగు కీడును ముందుగా కనిపెట్టుటకు డ్రోనులు, ఉపగ్రహములు నేడు తోడ్పడుచున్నవి. అవి చూపగలిగినదేమి, చూపలేనిదేమి అను సంగతిని పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరము.

వస్తువును తాకక, దూరమునుండియే దాని స్థితిని గ్రహించు విద్యకు రిమోట్ సెన్సింగ్ అని పేరు. ఆరోగ్యముగల ఆకు ఎండలోని ఎర్రని కాంతిని చాలవరకు పీల్చుకొని, మన కంటికి కానరాని పరారుణ కాంతిని అధికముగా వెనుకకు పంపును. నీరు చాలకగాని, తెగులు సోకిగాని ఆకు నీరసించినపుడు ఈ రెండింటి నిష్పత్తి మారును. ప్రత్యేకమైన కెమెరా ఆ మార్పును ఒక్కొక్కప్పుడు మన కంటికంటె ముందే పట్టుకొనును. 1970లో పి. ఆర్. పిషరోటి మొదలగు శాస్త్రజ్ఞులు కేరళలో కొబ్బరి వేరుతెగులును ఇట్లే ఆకాశమునుండి ఛాయాచిత్రములు తీసి పరిశీలించిరి. మన దేశమున ఈ విద్యకు అదియే నాంది. ఐరోపా, అమెరికా ద్రాక్షతోటలలో ఈ పద్ధతి నేడు వాడుకలోనున్నది.

ఉపగ్రహము విశాల ప్రదేశమును చూచును. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహముల చిత్రములో ఒక్కొక్క చుక్క 10 మీటర్ల చదరము. అనగా ఎకరము పొలము సుమారు 40 చుక్కలగును. మబ్బు పట్టినచో మాత్రము దాని చూపు సాగదు. డ్రోను మబ్బుల దిగువనే ఎగురుచు మొక్కమొక్కను చూపగలదు. కాని ఒక్కసారికి కొలది విస్తీర్ణమును మాత్రమే చూడగలదు.

చిత్రము లోపమున్న చోటును చూపునేగాని కారణమును చెప్పదు. సాగరు కుడికాలువ పిల్లకాలువల చివరి పొలములన్నియు వరుసగా వన్నె తగ్గినచో నీటి ఎద్దడిని అనుమానింపవచ్చును. అచ్చటచ్చట మచ్చలుగా తగ్గినచో తెగులును అనుమానింపవచ్చును. నిజము చేలో దిగి చూచినగాని తేలదు. అదియునుగాక నల్ల తామరపురుగులు పూలలో దాగియుండును. ఆకు పచ్చగానుండగనే పూత పోవచ్చును. కావున పూలను విదిల్చి చూచుట, నీలిరంగు జిగురు అట్టలు కట్టుట మానరాదు.

పంచాయతీలు చేయదగిన పనులు మూడు. చిత్రము చేతికందిన దినముననే, వన్నె తగ్గిన పొలముల రైతులకు, కౌలుదారులతో సహా, కబురు చేయవలెను. రైతు సేవా కేంద్రపు వ్యవసాయ సహాయకునితో కలిసి ఆ చోట్లను పరిశీలింపజేసి, కారణము తేలిన పిమ్మటనే మందు చల్లవలెను. డ్రోనుతో మందు చల్లించునపుడు, 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము యంత్రమునకు విశిష్ట సంఖ్యయు, నడపువారికి రిమోట్ పైలట్ యోగ్యతాపత్రమును ఉన్నవో లేవో అడిగి చూడవలెను. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పథకము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనులు సమకూర్చుటకు ఉద్దేశింపబడినది. మీ గ్రామ సంఘముల దృష్టికి దీనిని తెచ్చుట మంచిది.

కారణము తెలియకుండ చేనంతయు మందు చల్లిన ఖర్చు రైతు అప్పులో చేరును. ఏ మూల లోపమున్నదో యంత్రము చూపును. అచ్చటికి పోయి మొక్కను పట్టి చూడవలసినది మనుష్యుడే.